డెల్టా గ్రామాలకు పైపు గ్యాస్: లైను దేనిని వెతుక్కుంటూ వస్తుంది?

దుగ్గిరాల పసుపు:

ఈ వేదికలో పంటల గురించే తప్ప గ్యాస్ గురించి నేను ఎప్పుడూ రాయలేదు. ఇక్కడ ఇంజనీర్లు, వకీళ్లు ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. కృష్ణా గోదావరి బేసిన్‌లో తీసిన గ్యాస్ కాకినాడ దగ్గర ఒడ్డుకెక్కి, 2009 నుంచి సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో గుజరాత్‌లోని భరూచ్ దాకా పోతోంది. విజయవాడలో అపార్టుమెంట్లకు పైపు గ్యాస్ వచ్చి చాలా ఏళ్లయింది. మంగళగిరికీ తెనాలికీ మధ్య ఉన్న మా ఊరికి మాత్రం ఇప్పటికీ సిలిండరు బండే దిక్కు. లంక గ్రామాల సంగతి చెప్పనక్కరలేదు, కృష్ణకు వరద వస్తే ఆ బండి కరకట్ట మీదే ఆగిపోతుంది.

ఏ ఊరికి లైను వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? ఊరివాళ్లం అడిగితే దానికి విలువ ఉంటుందా? ఇంకొక సంగతి కూడా ఉంది. మా వైపు పసుపు తవ్వకాల కాలంలో కొమ్ములు ఉడకబెట్టడానికి కట్టెలు, తాటిమట్టలు, చేతికి దొరికినదల్లా పొయ్యిలోకి పోతుంది. కళ్లం దగ్గర ఆ పొగలో నిలబడి పనిచేసేది ఎక్కువగా ఆడకూలీలు. వంటింటి పొయ్యి గురించి పథకాలు ఎన్నో వచ్చాయి కానీ ఈ పొయ్యి ఎవరి లెక్కలోనూ లేదు. పైపు గ్యాస్ వస్తే పసుపు బాయిలర్లకు కూడా వాడుకోవచ్చునా?

విశ్రాంత పైపులైను ఇంజనీరు:

దుగ్గిరాల పసుపు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది, రెండో ప్రశ్నకు జవాబు లెక్కల్లో ఉంది.

2006 నాటి చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి దేశాన్ని భౌగోళిక ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కొక్క ప్రాంతాన్ని వేలం వేసి, గెలిచిన సంస్థకు అనుమతి ఇస్తుంది. మన రాష్ట్రంలో ఈ ప్రాంతాలకు చాలావరకు పాత ఉమ్మడి జిల్లాలే ఆధారం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయని ఆ అనుమతుల హద్దులు మారిపోలేదు. అందువల్ల ఈనాడు బాపట్ల జిల్లాలో ఉన్న కొల్లూరు వాళ్లైనా, పల్నాడులో ఉన్న పిడుగురాళ్ల వాళ్లైనా పాత గుంటూరు జిల్లా పటం ముందు పెట్టుకునే ఈ విషయం మాట్లాడాలి. అనుమతి పొందిన సంస్థకు ఆ ప్రాంతంలో పైపులు వేసే ప్రత్యేక హక్కు 25 ఏళ్లపాటు ఉంటుంది. దానికి బదులుగా ఇన్నేళ్లలో ఇన్ని ఇళ్లకు కనెక్షన్లు, ఇన్ని సీఎన్జీ బంకులు, ఇంత ఉక్కు పైపు అని అది మండలికి రాసి ఇస్తుంది. 2018లో జరిగిన తొమ్మిదో విడత నుంచి వేలం మార్కుల్లో సగం ఇళ్ల కనెక్షన్ల హామీకే కేటాయించారు.

మెలిక అంతా ఇక్కడే ఉంది. ఆ హామీ ప్రాంతం మొత్తానికి ఇచ్చినది, ఊరూరికీ ఇచ్చినది కాదు. లక్ష కనెక్షన్లు ఇస్తామన్న సంస్థ ఆ లక్షనూ రెండు మూడు పట్టణాల్లోనే చూపించగలిగితే, కాలువ దాటి మీ ఊరికి రావలసిన అవసరం కాగితం మీద దానికి ఉండదు. ఒకే గోడ మీద ఎనిమిది ఇళ్ల గ్యాస్ మీటర్లు బిగించగల అపార్టుమెంటును వదిలి, ఇంటికీ ఇంటికీ మధ్య పెరడు, పశువుల కొట్టం, గడ్డివామి ఉన్న ఊరికి ఏ వ్యాపారి ముందుగా వస్తాడు?

ఇక లెక్క. ఒక మామూలు కుటుంబానికి 14.2 కిలోల సిలిండరు నెలన్నర వస్తుందనుకుందాం. వేడి ప్రకారం చూస్తే ఆ సిలిండరు సుమారు 17 ఘనపు మీటర్ల సహజవాయువుకు సమానం. అంటే రోజుకు ఇంటికి 0.4 ఘనపు మీటరు కూడా పట్టదు. ఊళ్లో ఐదు వందల ఇళ్లు చేరినా రోజుకు 200 ఘనపు మీటర్లు దాటదు. ఆ ఆదాయంతో అయిదారు కిలోమీటర్ల లైను, కాలువ కింద నుంచి దాటించే పని, మీటర్లు, ఏడాది పొడవునా నిఘా గిట్టుబాటు కావు. ఇళ్ల సంఖ్య చూపించి లైను అడిగే గ్రామం, ఎంత న్యాయంగా అడిగినా, వరుసలో చివరనే ఉంటుంది. ఇది నాకు నచ్చిన పద్ధతి అని కాదు, జరుగుతున్న పద్ధతి ఇది.

తెనాలి ఆటో:

ఇంజనీరు గారూ, మీరు ఇళ్ల లెక్క చెప్పారు, నేను ఆటోల లెక్క చెబుతాను. సీఎన్జీ ఆటో రోజంతా తిరిగితే నాలుగు కిలోల గ్యాస్ పడుతుంది. ఆ నాలుగు కిలోలు ఎన్ని ఇళ్ల వాడకం అవుతాయి?

విశ్రాంత పైపులైను ఇంజనీరు:

కిలో సీఎన్జీ సుమారు 1.4 ఘనపు మీటర్లు. నాలుగు కిలోలంటే 5.6. అంటే మీ ఒక్క ఆటో పధ్నాలుగు ఇళ్ల పెట్టు.

తెనాలి ఆటో:

అయితే నా అనుమానం నిజమే. మా వాళ్లలో చాలామంది పెట్రోలు నుంచి సీఎన్జీకి మారడానికి సిద్ధంగా ఉన్నారు కానీ బంకు దూరమైతే పోయి రావడానికే కిరాయి పోతుంది. దగ్గర్లో ఉన్న బంకు లైనుకు తగిలించినది కాదు, వేరేచోట లారీ మీద నింపుకొచ్చిన సిలిండర్ల వరుస నుంచి పోస్తుంది. బండి వచ్చిన తొలి గంటలో ట్యాంకు నిండుతుంది, తర్వాత వత్తిడి తగ్గి సగానికే ఆగిపోతుంది. మళ్లీ బండి వచ్చేదాకా వరుసలో నిలబడాలి. ఇళ్లకు గ్యాస్ కావాలన్నవాళ్లూ, బంకు కావాలన్న మాలాంటివాళ్లూ వేర్వేరుగా అర్జీలు పెట్టుకుంటున్నాం. కలిసి పెట్టడం మంచిదేమో.

బెజవాడ వంటిల్లు:

మా ఇంట్లో పైపు గ్యాస్ ఉంది కాబట్టి వాడేవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను. రాత్రిపూట సిలిండరు అయిపోతుందన్న బెంగ లేదు, బరువు మోసే పని లేదు, వాడినంతకే బిల్లు. ఇందులో సందేహం ఏమీ లేదు. కానీ పల్లెల విషయంలో ఒక చిక్కును ఎవరూ ప్రస్తావించలేదు.

మన రాష్ట్రంలో దీపం పథకం 1999లో మొదలైంది. 2024 దీపావళి నుంచి దీపం-2 కింద అర్హత ఉన్న ఇంటికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, ముందు డబ్బు కడితే తర్వాత ఖాతాలో వేస్తున్నారు. ఉజ్జ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు సిలిండరు మీద కేంద్రం 300 రూపాయల రాయితీ ఇస్తోంది. ఇవన్నీ సిలిండరుకే. ఇంటికి పైపు గ్యాస్ వచ్చాక రాయితీ సిలిండరును కూడా ఉంచుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. మా అపార్టుమెంటులో ఎవరికీ ఇది సమస్య కాలేదు. కూలికి వెళ్లే ఇల్లాలికి ఏడాదికి మూడు సిలిండర్లంటే దాదాపు నాలుగున్నర నెలల వంట. దాన్ని వదులుకుని నెలనెలా బిల్లు కట్టమంటే ఆమె ఎందుకు మారాలి? నేనైతే మారను. గ్రామాలకు లైను వేసి, తర్వాత కనెక్షన్లకు స్పందన లేదని నింద ప్రజల మీద వేస్తారని నా భయం.

కోనసీమ నుంచి బెజవాడ:

ఖర్చుల మాట సరే, ప్రాణాల మాట ఎవరూ ఎత్తలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలి ఏం జరిగిందో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే లైను అది, అంటే మీ విజయవాడ పక్కన ఉన్న విద్యుత్ కేంద్రం కోసం వేసిన లైను. ఊళ్లో ఒక్క ఇంటికీ దాని వల్ల పొయ్యి వెలగలేదు, 20 మందికి పైగా చనిపోయారు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. గ్యాస్ ఇచ్చిన నేలకు మంటలు, తీసుకున్న ఊరికి వెలుగులు అన్నది మాకు అనుభవం. ఇప్పుడు ఇళ్ల మధ్య డొంక రోడ్ల కింద గొట్టాలు వేస్తామంటే సంతోషించాలా?

విశ్రాంత పైపులైను ఇంజనీరు:

కోనసీమ గారూ, మీ భయాన్ని కొట్టిపారేయను. ఆ నగరం ఊరి లైనును పొడి గ్యాస్ కోసం వేసి, అందులో నీరూ ద్రవాలూ కలిసిన తడి గ్యాస్‌ను పంపారు, ఉక్కు లోపలి నుంచి తినేసింది. లీకులు ముందే కనిపించినా పూర్తిగా మార్చలేదు. అది నిర్వహణలో జరిగిన ఘోరం.

ఊరి లోపల వేసే లైను తీరు వేరు. పెద్ద లైను నుంచి వచ్చిన గ్యాస్‌ను పట్టణం అంచున ఉండే గేట్ స్టేషనులో వత్తిడి తగ్గించి, వాసన వచ్చే మందు కలుపుతారు. సహజవాయువుకు తనంతట తనకు వాసన లేదు. అక్కడి నుంచి ఉక్కు లైనులో సుమారు 20 బార్ల వత్తిడితో, తర్వాత వీధుల్లో 4 బార్లకు మించకుండా, చివరకు వంటింట్లో 21 మిల్లీబార్ల దగ్గర అందుతుంది. వీధి గొట్టం పాలిథీన్, తుప్పు పట్టదు. మన నల్లరేగడి ఎండాకాలం పగిలి వానాకాలం ఉబ్బుతుంది కాబట్టి, కొంత వంగగల గొట్టమే ఆ నేలకు తగినది. ఇంకొక తేడా: సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున చేరి కూర్చుంటుంది, సహజవాయువు తేలిక, పైకి పోతుంది. అందుకని పాత పెంకుటిళ్లలో కిందకు వంగిన చూరు కింద వంటగది ఉంటే, పైభాగాన గాలి పోయే దారి తప్పనిసరిగా పెట్టించాలి. కనెక్షన్ ఇచ్చే మనిషి ఇది చూడకుండా సంతకం పెడితే ఒప్పుకోకండి.

పల్లెలో నాకు అసలు భయం జేసీబీ. పంట కాలువ పూడిక తీయడానికి, మంచినీటి గొట్టం వేయడానికి, ఇంటి పునాదికి ఎవరినీ అడగకుండా తవ్వేస్తారు. గొట్టం పైన పసుపురంగు హెచ్చరిక పట్టీ వేస్తారు, రాళ్లు పాతుతారు, కానీ తవ్వేవాడికి అవి కనిపించేలోపే పళ్ల బకెట్టు దిగిపోతుంది. తవ్వకానికి ముందు సమాచారం ఇచ్చే 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను కేంద్రం 2023 మార్చిలో తెచ్చింది. మీ పంచాయతీలో ఎంతమంది పొక్లెయిన్ యజమానులకు దాని పేరు తెలుసో ఒకసారి అడిగి చూడండి.

మంగళగిరి వకీలు:

భూముల విషయం కూడా కలుపుతాను, ఎందుకంటే రైతులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడ. పెద్ద లైనుల కోసం 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద భూమిని కొనరు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా రైతు పేరనే ఉంటుంది, పైరు వేసుకోవచ్చు. అయితే ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంట నష్టం వేరుగా ఇచ్చి, హక్కు కోసం మార్కెట్ విలువలో 10 శాతం చెల్లిస్తారు. నిమ్మతోట వేయాలనుకున్న రైతుకు, రేపు రోడ్డు పక్క స్థలం అమ్ముకోవాలనుకున్న రైతుకు ఆ 10 శాతం ఏ మూలకూ చాలదు. ఎవరి పొలం కింద నుంచి పెద్ద లైను పోతుందో ఆ గ్రామాలకు మొదటి కనెక్షన్లు ఇవ్వాలన్న షరతు చట్టంలో లేదు. ఉండి తీరాలన్నది నా అభిప్రాయం.

వీధి లైనుకు పొలాలతో పని లేదు. పంచాయతీ రోడ్డు, రోడ్లు భవనాల శాఖ రోడ్డు, జలవనరుల శాఖ కాలువ, రైల్వే, జాతీయ రహదారి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క అనుమతి. డెల్టాలో కాలువ దాటకుండా ఏ ఊరికీ పోలేం. వేసవిలో కాలువలు కట్టేసిన వారాల్లో దాటింపు పనులు చేసుకోవచ్చు, ఆ గడువు తప్పితే మళ్లీ ఏడాది. దరఖాస్తు జనవరిలో పెట్టకపోతే వేసవి పని దాదాపు ఆశ వదులుకోవలసిందే.

గన్నవరం గేదెలు:

మీరంతా గొట్టం ఎక్కడి నుంచో రావాలని చూస్తున్నారు. ఊళ్లో పుట్టే గ్యాస్ సంగతేమిటి? మా ఇంటి దగ్గర నాన్నగారి కాలం నాటి గోబర్ గ్యాస్ తొట్టి ఇంకా పనిచేస్తోంది. అందులో వచ్చేదీ సగానికి పైగా మీథేనే. దాన్ని శుద్ధి చేసి అదే లైనులోకి పంపవచ్చు కదా?

విశ్రాంత పైపులైను ఇంజనీరు:

పంపవచ్చు, పంపాలని నియమం కూడా వచ్చింది. 2018లో మొదలైన సతత్ పథకం ఉద్దేశమే అది. నగర గ్యాస్ సంస్థలు తమ సీఎన్జీ, ఇళ్ల గ్యాస్ అమ్మకాల్లో శుద్ధి చేసిన బయోగ్యాస్ వాటా 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం ఉండేలా చూడాలి. కానీ ఇంటి తొట్టి వేరు, ప్లాంటు వేరు. మీ తొట్టి మీ పొయ్యికి చాలు. లైనుకు ఇవ్వాలంటే బొగ్గుపులుసు వాయువునూ హైడ్రోజన్ సల్ఫైడునూ తీసేయాలి, రోజూ టన్నుల లెక్కన ముడిసరుకు ఆగకుండా రావాలి. పేడ సేకరణ ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. మార్కెట్ యార్డుల చెత్త, వరిగడ్డి, పాల కేంద్రాల వ్యర్థాలు కలవాలి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇవి కొల్లలుగా ఉన్నాయి, పోగుచేసే వ్యవస్థే లేదు.

దుగ్గిరాల పసుపు:

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ కృతజ్ఞతలు. నా పసుపు బాయిలరు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

విశ్రాంత పైపులైను ఇంజనీరు:

కావాలనే వెనక్కి నెట్టాను, ఎందుకంటే జవాబు మీకు నచ్చకపోవచ్చు. మొదటి అడ్డంకి ధర. దేశంలో పాత క్షేత్రాల నుంచి వచ్చే గ్యాస్‌కు 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు ధరలో 10 శాతంగా లెక్క కట్టి, పైన ఒక పరిమితి పెట్టారు. ఆ చవక గ్యాస్‌లో ముందు వాటా ఇళ్లకూ వాహనాలకూ. బాయిలరు వాణిజ్య వాడకం కిందికి వస్తుంది కాబట్టి దిగుమతి చేసుకున్న ద్రవ సహజవాయువు ధర దాని మీద పడుతుంది. పైగా సహజవాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది, కట్టిన పన్నును వ్యాపారి తిరిగి సర్దుబాటు చేసుకోలేడు. ఊరకే దొరికే తాటిమట్టతో ఈ గ్యాస్ ధరలో పోటీ పడదు.

రెండోది రుతువు. మీ బాయిలర్లు రెండు మూడు నెలలే నడుస్తాయి. మిగతా తొమ్మిది నెలలు ఖాళీగా ఉండే వాడకాన్ని చూసి ఎవరూ లైను వేయరు. అస్సాంలో 1962లో ఏర్పడిన రాష్ట్ర గ్యాస్ సంస్థ ఎగువ అస్సాం తేయాకు ఫ్యాక్టరీలకు ఆకు ఎండబెట్టడానికి గ్యాస్ ఇస్తుంది, ఆ లైనుల చుట్టుపక్కల ఇళ్లకూ అందింది. అక్కడ ఆకు కోత ఏడాదిలో ఎక్కువ నెలలు సాగుతుంది, గ్యాస్ బావులు పక్కనే ఉన్నాయి. పసుపుకు ఆ రెండూ లేవు.

అందుకే నా సలహా ఇది. పసుపును ముందు పెట్టుకుని అడగకండి, ఆటోలను ముందు పెట్టుకుని అడగండి. తెనాలి ఆటో గారి లెక్క ప్రకారం రెండు వందల ఆటోలు సీఎన్జీకి మారితే అది 2,800 ఇళ్ల వాడకం. రహదారి మీద లైనుకు తగిలించిన బంకు ఒకటి పడితే ఉక్కు లైను దాని కోసం వచ్చి తీరుతుంది, అక్కడి నుంచి మీ వీధికి పాలిథీన్ లైను చిన్న పని. పాల శీతలీకరణ కేంద్రం, ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, బేకరీలు తర్వాత చేరతాయి. ఇళ్లు ఆ లైను మీద బతుకుతాయి కానీ ఆ లైనును ఇళ్లు పిలవలేవు. పసుపు అప్పుడు అడగండి, రుతువుకు మాత్రమే వాడే కనెక్షన్‌గా.

లైను వచ్చేలోపు ఇంకొక దారి ఉంది. బంకుకు సిలిండర్ల బండి వచ్చినట్టే, ఊరి చివర వత్తిడి తగ్గించే చిన్న కేంద్రం పెట్టి, బండి మీద తెచ్చిన గ్యాస్‌నే ఊరి లోపలి గొట్టాల్లోకి వదలవచ్చు. రవాణా ఖర్చు ఎక్కువే, లంక గ్రామాలకు వరదలో అది కూడా ఆగుతుంది. కానీ వీధి గొట్టాలు ముందే వేసి ఉంటాయి కాబట్టి, ఉక్కు లైను వచ్చిన రోజున బండిని తీసేస్తే సరిపోతుంది.

బెజవాడ వంటిల్లు:

ఇంజనీరు గారూ, మీ లెక్క బాగుంది కానీ అందులో ఇల్లాలు మళ్లీ చివరికే పోయింది. ఆటోకు గ్యాస్ పోశాక మిగిలినది వంటింటికి అన్నట్టు ఉంది. మూడు సిలిండర్ల విలువను పైపు గ్యాస్ బిల్లులో తగ్గించి ఇవ్వాలని కూడా అర్జీలో రాయండి. సిలిండరుకు ఖాతాలో డబ్బు వేయగలిగినవాళ్లు, మీటరు నంబరుకు వేయలేరా?

మంగళగిరి వకీలు:

ఇది మంచి మాట. దీపం-2 రాష్ట్ర పథకం కాబట్టి, పైపు గ్యాస్‌కు కూడా వర్తింపజేస్తూ రాష్ట్రమే ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఢిల్లీ దాకా పోనక్కరలేదు. అర్జీ పౌరసరఫరాల శాఖకు వేరుగా పెట్టండి, లైను అర్జీతో కలపకండి. రెండు కలిపితే రెండు శాఖలూ మాది కాదంటాయి.

కోనసీమ నుంచి బెజవాడ:

జేసీబీ విషయం కూడా తీర్మానంలో పెట్టండి. పంచాయతీ అనుమతి లేకుండా వీధిలో తవ్వితే జరిమానా అని రాస్తే, లైను రాకముందే అలవాటు పడతారు. అది ఉంటే నేనూ మా బంధువుల చేత సంతకం చేయిస్తాను.

దుగ్గిరాల పసుపు:

సరే, గ్రామసభకు తీసుకెళ్లే తీర్మానం ఇలా రాస్తున్నాను. మా ఊరూ, పక్కన ఉన్న మూడు ఊళ్లూ కలిసి రహదారి మీద లైనుకు తగిలించిన సీఎన్జీ బంకు కోరతాయి. సీఎన్జీకి మారతామని ఒప్పుకున్న ఆటో యజమానుల జాబితా, పాల కేంద్రం, హోటళ్ల నెలవారీ వాడకం దానికి జతచేస్తాం. వీధుల్లో ఎక్కడ తవ్వాలన్నా పంచాయతీకి ముందు చెప్పాలన్న నిబంధన పెడతాం. దీపం అర్జీ వేరుగా వెళుతుంది. కాలువ దాటింపు దరఖాస్తు జనవరి దాటకుండా పెట్టించడం వకీలు గారి పని. పసుపు ప్రస్తావన ఈ తీర్మానంలో ఉండదు. మా వాళ్లకు ఇది మింగుడు పడదని తెలుసు, అయినా సభలో నేనే చెబుతాను.

ఒక సందేహం మిగిలింది. పాత గుంటూరు జిల్లా ప్రాంతానికి అనుమతి పొందిన సంస్థ ఎన్ని కనెక్షన్లు, ఎన్ని బంకులు ఇస్తానని రాసి ఇచ్చిందో, ఇప్పటికి ఎన్ని ఇచ్చిందో, అవి ఏ మండలాల్లో ఉన్నాయో మాకు ఎలా తెలుస్తుంది?

మంగళగిరి వకీలు:

నియంత్రణ మండలి చట్టబద్ధ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. రుసుము పది రూపాయలు. సంస్థను అడగకండి, మండలినే అడగండి. మండలాలవారీగా అన్న మాటను ప్రశ్నలోనే రాయండి, లేకపోతే మొత్తం అంకె ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. నమూనా దరఖాస్తు రాసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను.

తెనాలి ఆటో:

స్టాండులో అడిగాను. ఈరోజు ముప్పై ఒక్క మంది పేర్లు ఇచ్చారు. దుగ్గిరాల గారూ, కాగితం ఏ భాషలో కావాలో, ఆర్సీ నకలు జతచేయాలో లేదో చెప్పండి.